పదిహేడో ఎక్కం

తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతూ ఒకరోజు బోర్డు మీద 31 రాశాను. దాని కింద 331, ఆ కింద 3331. మూడూ ప్రధాన సంఖ్యలే. ముందు ఒక్కో మూడు చేర్చుకుంటూ 33333331 దాకా వెళ్లాను. ఆ ఏడూ ప్రధాన సంఖ్యలే. ఎప్పుడో చదివి, ముచ్చటపడి గుర్తుపెట్టుకున్న వరస అది. నా చేత్తో భాగించి చూసుకున్నవి మాత్రం మొదటి మూడే. అయినా, "ఇలా ఎన్ని మూళ్లు చేర్చినా వచ్చేది ప్రధాన సంఖ్యే" అనేశాను. ఆ మాట నేను చదివిన దాంట్లో లేదు. నేనే చేర్చాను.

కాసేపటికి ఒకమ్మాయి లేచింది. "ఇంకో మూడు చేరిస్తే పదిహేడుతో శేషం లేకుండా పోతోంది సార్."

ఆమె నోట్‌బుక్ చూడలేదు నేను. "అంత పెద్ద భాగహారంలో ఎక్కడో తప్పుంటావు, మళ్లీ చెయ్యి" అన్నాను. ఆ పిల్ల కూర్చుని తన లెక్కను అడ్డంగా కొట్టేసుకుంది. చూసి కూడా ఊరుకున్నాను. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే.

రాత్రి కాగితం తీసుకుని 333333331ని భాగించాను. 17 × 19607843. శేషం సున్నా.

అప్పుడు మొదటి నుంచీ ఒక్కో సంఖ్యనూ 17తో భాగించుకుంటూ వచ్చాను. శేషాలు 14, 8, 16, 11, 12, 5, 3, ఆ తర్వాత 0. ఇది కాకతాళీయం కాదు. వరసలో ఏ సంఖ్యనైనా పదితో గుణించి 21 కలిపితే తర్వాతిది వస్తుంది కాబట్టి, ఒక శేషం తెలిస్తే తర్వాతి శేషమూ తెలిసిపోతుంది. అంతెందుకు, పదహారు మూళ్లు రాసి చివర ఒకటి పెడితే ఆ సంఖ్య 31తోనే భాగింపబడుతుంది. వరస ఎక్కడ మొదలైందో ఆ సంఖ్యే దాన్ని తెంచుతుంది.

ఫెర్మా అంతటివాడు 3, 5, 17, 257, 65537 చూసి ఆ వరసంతా ప్రధాన సంఖ్యలేనని నమ్మాడు. తర్వాతిదైన 4294967297ని 641 భాగిస్తుందని 1732లో ఆయిలర్ చూపించాడు. కానీ తన దగ్గర నిరూపణ లేదని ఫెర్మా 1640లోనే ఒప్పుకున్నాడు. నేను ఆ మాటైనా పిల్లలకు చెప్పలేదు.

మర్నాడు క్లాసులో "నిన్న తప్పు నాది" అని చెప్పి, సుద్దముక్క ఆ అమ్మాయికిచ్చాను. గబగబా మొదలుపెట్టింది. 33లో ఒకసారి, 163లో తొమ్మిది, 103లో ఆరు. 13లో పదిహేడు పోదు, సున్నా పెట్టాలి. పిల్లలు సాధారణంగా తప్పేది అక్కడే. ఆమె సున్నా పెట్టి ముందుకెళ్లింది. చివరికి 51 మిగిలింది. క్లాసంతా ఒక్క గొంతుతో అంది: పదిహేడు మూళ్లు యాభై ఒకటి.