అలమారాలో రెండు కార్డులు

వేసవి ఇంటర్న్‌షిప్ ఒక డెయిరీలో చేశాను. మొదటి రోజే మేనేజర్ గారు, "ఈసీఈ కదా, కంట్రోల్ ప్యానెల్ కార్డులకు స్పేర్లు ఎన్ని ఉంచాలో లెక్కేసి ఇవ్వు" అన్నారు.

ఒకే రకం కార్డులు 40. ఎంటీబీఎఫ్ లక్ష గంటలు. "అంటే 11 ఏళ్లు! ఇంక స్పేర్లెందుకు సార్?" అన్నాను. ఆయన నవ్వారు. అది ఒక్కో కార్డు ఆయుష్షు కాదు, సగటు. 40 కార్డులు రాత్రింబవళ్లు నడిస్తే ఏడాదికి 3.5 లక్షల గంటలు. అంటే మూడో నాలుగో పోతాయన్నమాట.

పాడైన కార్డు బాగై తిరిగి రావడానికి 60 రోజులు. ఆలోపు పోయే కార్డుల సగటు 0.58. పాయిజాన్ సూత్రం ప్రకారం ఒక్క స్పేరు సరిపోయే అవకాశం 89 శాతం, రెండైతే 98. అలమారాలో రెండున్నాయి. "చాలు" అని రాసిచ్చాను.

మూడో వారంలో ఒక కార్డు పోయింది. సీనియర్ టెక్నీషియన్‌ని అందరం బాబాయ్ అంటాం. ఆయన స్పేరు పెట్టి, పాతది నా చేతికిచ్చి, "ట్యాగ్ కట్టి రిపేరుకి పంపరా" అన్నాడు. బస్సు టైమైందని దాన్ని అలమారాలో పెట్టేసి వెళ్లిపోయాను. తర్వాత మర్చిపోయాను.

పది రోజులకు నైట్ షిఫ్టులో ఇంకోటి పోయింది. పాశ్చరైజర్ ఆగింది. బాబాయ్ అలమారాలోంచి ఒక కార్డు తీసి పెట్టాడు. లైటు వెలగలేదు. స్లాటేమో, వైరింగేమో అని గంటన్నర వెతికాడు. చివరికి రెండో కార్డు పెడితే లైను నడిచింది. అప్పటికే గేటు దగ్గర ట్యాంకర్లు బారులు తీరాయి. అందులో ఒకటి మా ఊరి వైపుది. మా అమ్మ రోజూ పాలు పోసేది ఆ రూట్లోనే. పాలు చల్లగా ఉండబట్టి పాడవలేదు. నాకు మాత్రం చెమటలు పట్టాయి.

పొద్దున్నే నిజం చెప్పాను. బాబాయ్ తిట్టలేదు. "స్పేరు లేదని తెలిస్తే వేరే దారి చూసుకుంటాం రా. ఉందనుకున్నదే చచ్చిందైతే ఎక్కడ వెతకాలి?" అన్నాడు.

లెక్క మళ్లీ వేశాను. 60 రోజులు 120 అయితే రెండు స్పేర్లతో భరోసా 89 శాతానికి పడిపోతుంది. పంపని కార్డుకైతే ఆ రోజుల లెక్కే మొదలుకాదు. సూత్రం తప్పు కాదు. పాడైన కార్డు అదే రోజు బయల్దేరుతుందని అది అనుకుంది. పంపాల్సింది నేను.

రిపోర్టులో ఇంకో పేజీ కలిపాను: పాడైనవాటికి వేరే అర, ఎర్ర ట్యాగ్, పంపిన తేదీ.

మన ల్యాబ్‌లో కాలిపోయిన 741 ఐసీని తిరిగి డబ్బాలోనే పడేస్తాం కదా. తర్వాతి బ్యాచ్ వాళ్లు గంటసేపు తమ సర్క్యూట్‌నే తిట్టుకుంటారు. నేనైతే మానేశాను.