కిటికీ పక్క చోటు

మాది మంథని. గోదావరి ఒడ్డున వెలసిన ప్రాచీన గ్రామం. ఇంటర్మీడియట్ చదివే రోజులలో నాకు ఆ ఊరు మిక్కిలి ఇరుకుగా తోచేది. సాయంకాలం బస్టాండులో హైదరాబాదు బస్సు కదులుతుంటే, అందులో కూర్చున్న వారందరూ భాగ్యవంతులని భావించేవాడిని. ఈ సంగతి అమ్మకు చెప్పలేదు. ఆమె గ్రహించకపోనూ లేదు.

ఆ రోజులలోనే గ్రంథాలయంలో 'లోపలి మనిషి' నా చేతికి వచ్చింది. పి.వి. నరసింహారావుగారు ఆంగ్లంలో రచించగా 1998లో వెలువడిన ఆత్మకథాత్మక నవల 'ది ఇన్‌సైడర్'కు కల్లూరి భాస్కరంగారు చేసిన అనువాదమది. 1957 నుండి 1977 వరకు మంథని శాసనసభ్యులుగా ఉన్నవారి గ్రంథమని మా పెద్దలకు గర్వం. వారు అందులో రాజకీయాలు వెదికేవారు. నాకు కావలసింది వేరు. పల్లెలో పుట్టిన బాలుడు బయటి ప్రపంచంలోకి ఎట్లా వెళ్లగలిగాడు?

నవలలో నాయకుని పేరు ఆనంద్. అతని సంస్థానం అఫ్రోజాబాద్. పేర్లు మారినా ఆ మట్టి మాదేనని తెలుస్తూనే ఉంటుంది. రచయిత జీవితాన్ని కూడా ఆసక్తితో తెలుసుకున్నాను. 1921లో లక్నేపల్లిలో జన్మించి, నాటి కరీంనగర్ జిల్లాలోని వంగరకు దత్తు వెళ్లారు. చదువు కోసం పసితనంలోనే కట్కూరులో బంధువుల ఇంట ఉన్నారు. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. 1938లో వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు కళాశాల నుండి బహిష్కృతులై, నిజాం రాజ్యం దాటి నాగపూర్‌లో చదువు కొనసాగించారు. అప్పటికి ఆయనకు పదిహేడేండ్లు. నా వయస్సే! నేను వరంగా కోరుకుంటున్నది ఆయనకు శిక్షగా లభించింది. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆదిలాబాదులో సామల సదాశివగారి మార్గం మరొకటి. ఆ జిల్లానే నమ్ముకొని హిందుస్తానీ సంగీతాన్నీ, ఉర్దూ సాహిత్యాన్నీ తెలుగువారికి పరిచయం చేశారు. ఆయన 'స్వరలయలు' గ్రంథానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అయితే ఊరిలోనే ఉండి అంత సాధించవచ్చునని పదిహేడేండ్ల వయస్సులో ఎవరు చెప్పినా నేను నమ్మి ఉండేవాడిని కాను.

డిగ్రీ చదువుకు హైదరాబాదు బయలుదేరిన నాడు అమ్మ సకినాలు మూటగట్టి ఇచ్చింది. "కిటికి పక్కపొంటి కూసో బిడ్డా, ఊరు అగుపడ్తది" అన్నది. పెద్దపల్లి వచ్చేదాకా నేను వెనుకకే చూస్తూ కూర్చున్నాను.