చివరి పువ్వు

పావుగంటలో చదివేసే పుస్తకం మీద మూడు రాత్రులు పోట్లాడుకోవచ్చని నేనెప్పుడూ అనుకోలేదు. జేమ్స్ థర్బర్ అనే అమెరికన్ హాస్యరచయిత రాసి, బొమ్మలు కూడా తానే వేసిన ‘ది లాస్ట్ ఫ్లవర్’ ఆ పుస్తకం. బొమ్మ కింద ఒకటి రెండు వాక్యాలు, అంతే. పైకి పిల్లల పుస్తకంలా ఉంటుంది. 1939 సెప్టెంబరులో యూరప్‌లో యుద్ధం మొదలైతే, నవంబరులో ఇది అచ్చయింది.

కథ చెప్పేస్తాను, సస్పెన్సు నవలేం కాదు. పన్నెండో ప్రపంచయుద్ధంలో ఊళ్లూ, తోటలూ, పుస్తకాలూ నాశనమవుతాయి. కుక్కలు కూడా యజమానుల్ని వదిలిపోతాయి. ప్రేమన్నది మర్చిపోయిన జనం ఊరికే కూర్చుని ఉంటారు. ఓ అమ్మాయికి చివరి పువ్వు కనిపిస్తుంది. ఒక్క కుర్రాడు తప్ప ఆమె మాట ఎవరూ వినరు. ఇద్దరూ దాన్ని బతికిస్తారు. తేనెటీగ వస్తుంది, పువ్వులు రెండవుతాయి, నాలుగవుతాయి. ప్రేమ, ఇళ్లు, పాటలు, దర్జీలు, కవులు, ఆ వరసలోనే సిపాయిలూ, జనరళ్లూ! మళ్లీ యుద్ధం. ఈసారి మిగిలింది ఒక పురుషుడు, ఒక స్త్రీ, ఒక పువ్వు.

“దిగులు పడ్డానికి కూడా పుస్తకాలు కావాలట్రా?” అని మా రూమ్మేట్ మంచం మీదకి విసిరేశాడు. “పువ్వు చచ్చిపోతోందని అమ్మాయి చెబితే ఎవరూ వినలేదు చూశావా, అదొక్కటీ పచ్చినిజం” అంది మా క్లాసు అమ్మాయి. లెక్చరర్‌గారేమో “పువ్వు మిగిలింది కదయ్యా, చాలదూ?” అన్నారు. నాకు మింగుడు పడలేదు. “మొదటిసారి జనం మిగిలారు సార్, రెండోసారి ఇద్దరే. లెక్క తగ్గుతోంది” అన్నాను. “పువ్వు లెక్క తగ్గలేదుగా” అని నవ్వారాయన. జవాబు తోచలేదు, ఒప్పుకోనూ లేదు.

మా వింగులో ఒకడి అన్నయ్య సైన్యంలో ఉన్నాడు. వాడు సిపాయిల పేజీ దగ్గరే ఆగిపోయాడు. “దర్జీకి ఇల్లూ వాకిలీ ఉన్నట్టే సిపాయికీ ఉంటుంది కదరా. యుద్ధం కావాలని ఎవడు వెళతాడు? ఉద్యోగమని వెళతాడు. ఈయన వాణ్ణి తీసుకెళ్లి జనరళ్ల పక్కన నిలబెట్టాడేం?”

గదిలో ఎవ్వరం మాట్లాడలేదు. తర్వాతి పేజీలు తిప్పి చూపించాను. లోయలో వాళ్లకి కొండలు కావాలి, కొండమీద వాళ్లకి లోయ కావాలి. ఆ అసంతృప్తికి నిప్పుపెట్టింది సిపాయిలు కారు, జనాన్ని ఉద్ధరించడానికి బయల్దేరిన విమోచకులు. వాడు రెండుసార్లు చదివాడు.

“అయితే ఆ మాట ఇంకాస్త పెద్దక్షరాల్లో వేయాల్సింది” అన్నాడు.

పుస్తకం నా కార్డు మీదే ఉంది. గడువు దాటి తొమ్మిది రోజులైంది, రోజుకి రూపాయి ఫైను. వాడి పెట్టెలోనే ఉందని తెలుసు. అడగలేదు.