పదో తరగతి దాటినంక

దసరా ముందర, మళ్లీ ఎండాకాలం సెలవుల్లో, మా వైపు జిల్లా పేజీల్లో ఒక వార్త తప్పకుండా పడుతుంది. ఊరి పేరు, బ్యాచ్ సంవత్సరం మారతాయి గానీ మిగతాదంతా అదే. పాతికేళ్ల తర్వాత పూర్వ విద్యార్థులు ఒక్కచోట కలిశారు, చిన్ననాటి జ్ఞాపకాలు నెమరువేసుకున్నారు, గురువులను శాలువాలతో ఘనంగా సన్మానించారు, సాయంత్రం దాకా ఆటపాటలతో గడిపారు. పైన ఫొటో. ముందు వరుస కుర్చీల్లో సార్లు, వెనక ఒకే రంగు టీషర్టుల్లో మగవాళ్లు, పక్కన ఒకే రంగు చీరల్లో ఆడవాళ్లు. (రిటైరైన లెక్కల సార్ల ఇళ్లల్లో ఈపాటికి బీరువాల నిండా శాలువాలే ఉండి ఉంటాయి. ఎవరైనా ఒక మంచి గొడుగు కొనిస్తే బాగుండు అనిపిస్తుంది.) ఇంతకీ కలిసినవాళ్లు ఏం మాట్లాడుకున్నారో మాత్రం వార్తలో ఉండదు.

మాది 1998 బ్యాచ్, జిల్లా పరిషత్ హైస్కూలు. అప్పుడు కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జగిత్యాల జిల్లా.

ఇంజనీరింగ్‌లో కలిసి చదివినవాళ్లు మళ్లీ కలిస్తే అందరి కథా ఇంచుమించు ఒక్కటే. ఏ కంపెనీ, ఏ దేశం, ఫ్లాటా విల్లానా. పదో తరగతి అట్లా కాదు. ఇరవై ఎకరాల ఆసామి కొడుకు, గొర్లు కాసే ఇంటి పిల్లవాడు, మగ్గం నేసే ఇంటి పిల్ల, పోస్టుమాస్టర్ బిడ్డ ఒకే గదిలో కూర్చున్న చివరి చోటు అది. ఆ తర్వాత పేపర్లో హాల్‌టికెట్ నంబర్లు పడ్డాయి. నంబరు దొరికినవాళ్లు కాలేజీల దారి పట్టారు, దొరకనివాళ్లు ఎటు పోయారో మిగతావాళ్లకు తెలియదు, అడగనూ లేదు. ఆ ఏడాదే మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. ఆ మాట మా ఊరికి చేరడానికి మరో మూడు నాలుగేళ్లు పట్టింది. దుబాయ్ సంగతి మాత్రం అంతకు ఎంతో ముందే తెలుసు. ఇంటికొకరు అక్కడే ఉన్నారు.

మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపు పెట్టింది కూడా దుబాయ్‌లో ఉన్నవాడే. ఊళ్లో ఉన్నవాళ్లకు రోజూ ఎదురుపడే ముఖాలే కనుక తోచలేదేమో. మగవాళ్ల నంబర్లు వారంలో దొరికాయి. ఆడపిల్లలవి దొరకడానికే నెలలు పట్టింది. పెళ్లితో ఇంటిపేరు మారింది, ఊరు మారింది, కొందరి ఫోను భర్త పేరు మీద ఉంది. తమ్ముళ్లను పట్టుకుని, మేనమామలను పట్టుకుని, పెళ్లి పత్రికల్లో అత్తగారి ఊరు చూసి వెతకవలసి వచ్చింది. చేర్చిన మర్నాడే గ్రూపులోంచి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. ఎందుకని మేం అడగలేదు.

ఇక అందరం బడిలో కలిసిన రోజు. స్టేజీ, ఫ్లెక్సీ, కీసుకీసుమనే మైకు. ఒక్కొక్కరే వచ్చి పేరు చెప్పి, ఏం చేస్తున్నారో చెప్పాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో గానీ నాకు నచ్చదు. మగవాళ్లు ఉద్యోగం చెప్పారు, లేదంటే వ్యాపారం. ట్రాక్టరు ఉన్నవాడు ట్రాక్టరు సంగతి చెప్పాడు. ఆడవాళ్లు దాదాపు అందరూ ఒకే ముక్క చెప్పి మైకు పక్కవాళ్ల చేతిలో పెట్టేశారు: "ఏం లేదు, ఇంటికాన్నే ఉంటున్న."

అట్లా చెప్పి దిగిపోయినవాళ్లలో మా క్లాసు ఫస్టు కూడా ఉంది. ఆరువందలకు ఆమెకొచ్చిన మార్కులు ఇప్పుడు హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలో ఉన్నవాడికి రాలేదు. ఆ సంగతి వాడే నవ్వుతూ ఒప్పుకుంటాడు. పదైన మరుసటి ఎండాకాలం ఆమెకు పెళ్లి చేశారు. అన్నాల దగ్గర పక్కన కూర్చుంటే గానీ మిగతా కథ బయటికి రాలేదు. "ఇంటికాన్నే" అంటే ఆకు నానబెట్టి, కత్తెరతో కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడిచి, రోజుకు వెయ్యి బీడీలు. చెబుతున్నంతసేపూ ఆమె వేళ్లు ఊరుకోలేదు. చేతిలోని కాగితం ప్లేటు అంచును బొటనవేలి గోటితో మడుస్తూ, మళ్లీ విప్పి మడుస్తూనే ఉన్నాయి. భర్త మస్కట్‌లో. ఇద్దరు ఆడపిల్లలను ఆమే చదివించుకుంది, పెద్దది నర్సింగ్ పూర్తి చేసింది. కార్ఖానా రిజిస్టరులో పేరెక్కింది కనుక పి.ఎఫ్. కూడా ఉంది. లెక్క చూస్తే మా బ్యాచ్‌లో అందరికంటే ముందు పి.ఎఫ్. నంబరు వచ్చింది ఆమెకే. బీడీ పింఛను 2015లో వెయ్యి రూపాయలతో మొదలై, 2019లో 2,016 అయిన వివరం కూడా తడుముకోకుండా చెప్పింది. అంకెల్లో ఆమె పట్టు ఏమీ సడలలేదు. ఇంత ఉన్న మనిషి మైకు ముందర "ఏం లేదు" అనే చెప్పింది.

మా క్లాసు ఆడపిల్లలతో మాట్లాడటం నిజానికి మాకు ఇదే మొదటిసారి. బడిలో ఒకే గదిలో ఐదేళ్లు కూర్చున్నా అటు బెంచీలు అటే, ఇటు బెంచీలు ఇటే. పెన్ను అడిగినా ఊరంతా కథలు అల్లే రోజులు. ఇప్పుడు పరిచయాలే కొత్తగా మొదలయ్యాయి. కొందరు "చెల్లె" అని సర్దుకున్నారు, కొందరు "మీరు" అని ఇబ్బంది పడ్డారు.

గ్రూపు పెట్టినవాడి కథ వేరు. వాడు పది తప్పింది హిందీలో. మిగతా సబ్జెక్టులకు 35 కావాలి, హిందీకి 20 వస్తే చాలు. ఆ ఇరవై కూడా రాలేదు. పది ఫెయిలైనవాడు గల్ఫ్ పోవాలంటే పాస్‌పోర్టు మీద వలస తనిఖీ కావాలనే ఇ.సి.ఆర్. ముద్ర, దానికి వేరే అనుమతి, ఆ అనుమతి కోసం ఏజెంటు, ఏజెంటు కోసం అప్పు. వెళ్లాక వీసా ఒకచోటిది, పని ఇంకోచోట. అట్లా కొన్నేళ్లు సరైన కాగితాలు లేని కల్లివెల్లి బతుకు బతికాడు. 2007లో యు.ఎ.ఇ. క్షమాభిక్ష (ఆమ్నెస్టీ) ఇచ్చినప్పుడు ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. అప్పు తీరలేదు, మళ్లీ పోయాడు. క్యాంపు గదిలో బిహారీలు, రాజస్థానీలు, పాకిస్తానీలతో ఉండి ఉండి ఇప్పుడు మా అందరికంటే మంచి హిందీ మాట్లాడతాడు. ఆ రోజు దుబాయ్ నుంచే వీడియో కాల్లో హిందీ సారుకు హిందీలోనే నమస్కారం పెట్టి మాట్లాడితే, ఆయన ఫోను చెవికి ఆనించుకుని చాలాసేపు వింటూ ఉండిపోయారు. మేం ఫోను ముఖానికి ఎదురుగా పట్టుకోండి సార్ అని ఎంత చెప్పినా వినలేదు.

చనిపోయినవాళ్ల పేర్లు చదివి రెండు నిమిషాలు మౌనం పాటించాం. ఆ జాబితా మేం అనుకున్నదానికంటే పొడుగ్గా ఉంది.

బడికి బెంచీలు ఇద్దామని తలా కొంత వేసుకున్నాం. మంచిపనే, కాదనను. కానీ ఆ బెంచీల మీద మా పిల్లలెవరూ కూర్చోరు. పొద్దున ప్రైవేటు బడుల పసుపుపచ్చ బస్సులు ఊరంతా తిరిగి వాళ్లను జగిత్యాల తీసుకుపోతాయి. మా బడిలో ఇప్పుడు గదులు ఎక్కువ, పిల్లలు తక్కువ. ఇంకొకటి, తలా ఇంత అని అంకె పెట్టగానే ఇద్దరు ముగ్గురు ఆ రోజు పని ఉందని రావడం మానుకున్నారు. వాళ్లలో ఒకడి ఆటో ఆ రోజు బడి ముందు నుంచే రెండుసార్లు పోయింది. వచ్చేసారి ఆ అంకె చెప్పకుండా డబ్బా పెట్టాలని అనుకున్నాం. ఇష్టమున్నవాళ్లు ఇష్టమున్నంత వేస్తారు.

వచ్చేసారి ఎప్పుడన్న దగ్గర పెద్ద పంచాయితీ అయింది. సాఫ్ట్‌వేర్ వాళ్లు మేలో పిల్లలకు సెలవులన్నారు. రైతులు అప్పటికి యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రంలోనే పడి ఉంటాయన్నారు. ఎవరో సంక్రాంతి అంటే, అది ఆంధ్రా పండుగ కదరా అని నవ్వారు. అంతసేపూ వింటూ ఉన్న క్లాసు ఫస్టు అప్పుడు నోరు విప్పింది: "సద్దుల బతుకమ్మ ముందటి ఆదివారం పెట్టుండ్రి. అప్పుడైతే తల్లిగారింటికి వస్తం, ఇక్కన్నే ఉంటం. ఎండకాలం పెడితే మేం ఎవల్ని అడిగి రావాలె?"

మగవాళ్లలో ఒక్కరికీ ఈ లెక్క తట్టలేదు. ఆడవాళ్లందరూ ఒకేసారి ఔనన్నారు, తారీఖు ఖాయమైంది. దుబాయ్ వాడు సెలవు ఇప్పటినుంచే అడుక్కోవాలని వీడియో కాల్లోంచే గొణిగాడు.