మరమగ్గాల నడుమ పియానో

సూరత్‌లోని పర్వత్ పాటియాలో, తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబపు యువకుడొకడు తల్లి జోలపాటకు పియానో తోడు చేయ సంకల్పించాడు. అతనికున్నవి పాత కంప్యూటరు, తండ్రి మరమగ్గంపై ఆర్జించి ఇచ్చిన కొద్ది సొమ్ము.

పియానో ప్లగిన్లు ముఖ్యంగా రెండు తెగలు. మొదటివి నిజమైన వాద్యపు మెట్లను పలు బలాలతో నొక్కి భద్రపరచిన ధ్వనులు. వీటిలో పెద్దవి అనేక గిగాబైట్ల చోటు కోరుతాయి. రెండవవి, 2006లో వెలువడిన పియానోటెక్ వంటివి, తంత్రుల కంపనాన్ని గణితంతో అప్పటికప్పుడు కల్పిస్తాయి. వీటికి స్వల్పమైన చోటు చాలు.

ఖరీదైనదొకటి నమూనాగా తెచ్చి వాయించగా, దాని గాంభీర్యంలో తల్లి గొంతు మునిగిపోయింది. యమహా సీ5 పియానోను 16 స్థాయిల బలంతో రికార్డు చేసిన సాలమాండర్ ఉచితం. దానిని మెల్లగా వాయించినప్పుడు పాట స్పష్టంగా వినవచ్చింది.

మరునాడు అతడు సొమ్మును తండ్రి చేతికి తిరిగి ఇచ్చాడు.