సింహాచలం పేరు చెప్పి

మొగుడూ పెళ్ళాం కలిసి గుడికి వెళ్తే లోకం మెచ్చుకుంటుంది. అదే ఇద్దరూ కలిసి ఊరికే సముద్రం చూసొద్దామని బయల్దేరితే "ఈ వయసులో ఇదేం సరదా?" అని బుగ్గలు నొక్కుకుంటుంది. అందుకే మా నలభయ్యో పెళ్ళిరోజుకి భీమునిపట్నం వెళ్ళేటప్పుడు మావారు ఊళ్ళో అందరికీ "సింహాచలం పోతున్నం" అని చెప్పారు. అబద్ధం కాదనుకోండి. సింహాచలమూ వెళ్ళాం. కానీ అసలు సంగతి సముద్రం.

మాది రుద్రూరు. మాకూ సముద్రానికీ చుట్టరికం చాలా దూరం. మాకు సాగరం అంటే నిజాంసాగరమే. మంజీర మీద కట్టిన ఆ ఆనకట్ట 1931లో పూర్తయింది. దాని కాలవ వెంట కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు వచ్చి, భూములు కొనుక్కుని స్థిరపడ్డారు. వాళ్ళ ఊళ్ళని మేం ఇప్పటికీ క్యాంపులనే అంటాం. నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు పక్క క్యాంపులో ఒక పెద్దావిడ ఉండేవారు. బాపట్ల వైపు మనిషి. కార్తీకమాసం వచ్చిందంటే చాలు, సముద్రస్నానాల కబుర్లే! "అల వెనక్కి పోయేటప్పుడు కాలి కింద ఇసక జారిపోతుంది చూడు, చక్కిలిగిలి పెట్టినట్టుంటుందమ్మాయ్" అనేవారు. ఆ మాట నా మనసులో పడిపోయింది. ఆ రాత్రే మావారిని అడిగాను.

"చెరుకు పైసలు రానీ, పోదాం" అన్నారు.

చెరుకు పైసలు వచ్చాయి. మోటారుకి పోయాయి. మరుసటేడు ఆడబిడ్డ పెళ్ళి. ఆ తరవాత పిల్లల ఫీజులు, మామగారి మందులు. 2015లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. మా చెరుకుతోటలు వరిమళ్ళయ్యాయి. మావారి మాట కూడా "వడ్ల పైసలు రానీ" అని మారింది. అంతే తేడా.

అసలెక్కడికీ తీసుకెళ్ళలేదని కాదు. బాసర వెళ్ళాం, తిరుపతి వెళ్ళాం, పిల్లల్ని తీసుకుని అలీసాగర్ తోటకి వెళ్ళాం. ప్రతిసారీ బండి నిండా జనమే. పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని నేను ఆడవాళ్ళతో వెనక, ఆయన మగవాళ్ళతో ముందు. ఫోటోల్లో చూసినా మా ఇద్దరి మధ్య కనీసం నలుగురైనా ఉంటారు.

అలాంటిది, మా అమ్మాయి రెండంటే రెండే టికెట్లు కొని చేతిలో పెట్టేసరికి నాకు సంతోషం కన్నా ముందు భయం వేసింది. నవ్వకండి. మూడు రోజులు ఈయనతో ఏం మాట్లాడాలి? ఇంట్లో మేం మాట్లాడుకోమా అంటే, రోజంతా మాట్లాడుకుంటాం. కరెంటొచ్చిందా, కూలీలు ఎంతమంది, గేదె మేత తిన్నదా, చిట్టీ డబ్బులు కట్టారా... అన్నీ పనుల మాటలే. ఆ పనులన్నీ తీసి పక్కన పెడితే మా ఇద్దరి మధ్య ఇంకేమైనా మిగిలుందా? ఉందో లేదో చూసుకోవడం కన్నా చూసుకోకుండా ఉండడమే నయమేమో అనిపించింది. ఈ భయం మీలో ఎందరికో తెలిసే ఉంటుంది.

సికింద్రాబాదులో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. 1974 నుంచీ నడుస్తున్న బండి. మా కాపురం కన్నా పెద్దది. కాజీపేట దాకా మావారు ఫోన్లోనే ఉన్నారు. యాసంగి నాట్ల రోజులు కదా! కాజీపేట దాటాక నేను కట్టుకొచ్చిన జొన్నరొట్టెలు తిని నిద్రపోయారు. నేను కిటికీలోంచి చీకటిని చూస్తూ, "బాగానే ఉంది మా విహారయాత్ర!" అనుకున్నాను.

తెల్లవారేసరికి విశాఖపట్నం. అక్కణ్ణించి భీమిలికి పాతిక కిలోమీటర్లు ఉంటుందేమో. దారి పొడుగునా కుడిపక్క సముద్రమే. మధ్యలో ఎర్రమట్టి దిబ్బలు చూశాం. గాలీ వానా సముద్రమూ కలిసి వేల ఏళ్ళుగా చెక్కిన దిబ్బలవి. 2014లో వాటిని జాతీయ భూవారసత్వ సంపదగా గుర్తించారు. అందరూ ఫోటోలు తీసుకుంటుంటే మావారు వంగి చిటికెడు మన్ను తీసుకుని, వేళ్ళ మధ్య నలిపి, మళ్ళీ జాగ్రత్తగా అక్కడే వదిలేశారు. "నీళ్ళు నిలవయి. వరికి పనికిరాదు" అని తేల్చేశారు. రైతుని తీసుకెళ్తే ఇంతే!

భీమిలి చిన్న ఊరే గాని చరిత్ర పెద్దది. 1861లోనే మునిసిపాలిటీ అయింది. అంతకు ముందెప్పుడో డచ్చివాళ్ళు వచ్చి వ్యాపారం చేసుకున్నారు. 1825లో ఊరిని ఇంగ్లీషువాళ్ళకి అప్పగించి వెళ్ళిపోయారు. వెళ్ళలేనివాళ్ళ సమాధులు అక్కడే ఉన్నాయి. మావారు వాటి ముందు చాలాసేపు నిలబడ్డారు. "ఎక్కడ పుట్టిండ్రో, ఎక్కడ పండుకున్నరో" అన్నారు. పనికి సంబంధం లేని మాట ఆయన నోట విని నేను ఆశ్చర్యపోయాను.

మర్నాడు తెల్లవారుజామునే ఒడ్డుకి వెళ్ళాం. ఫోను గదిలోనే వదిలేసి వచ్చారు. తూర్పు తీరం కదా, సూర్యుడు నేరుగా నీళ్ళలోంచే లేచాడు. పంచె పైకి కట్టి ఆయనా, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని నేనూ నీళ్ళలో నిలబడ్డాం. అల వెనక్కి పోయింది. కాలి కింద ఇసక జారింది. క్యాంపు పెద్దావిడ చెప్పినట్టే! తూలిపోబోతే ఆయన చెయ్యి పట్టుకున్నారు. అల పోయాక కూడా వదల్లేదు.

"ఎవరన్న చూస్తరు" అన్నాను.

"ఈడ మనల్ని ఎవరు గుర్తుపడ్తరు?" అన్నారు.

ఒడ్డున కూర్చున్నాక ఆయనే మొదలుపెట్టారు. "మన మంజీర కందకుర్తి కాడ గోదావరిల కలుస్తది. గోదారి ఈ సముద్రంలనే కలుస్తది. మన నీళ్ళు మనకంటె ముందే వచ్చి చూసినయి." కాసేపాగి అన్నారు: "నీకు నా మీద కోపమున్నదా?"

లేదనడం నాకు అలవాటే. ఎందుకో ఆ పూట నోరు రాలేదు.

"ఉన్నది. సముద్రం చూపియ్యనందుకు కాదు. మీ పక్కన కూర్చునేటందుకు ఇంత దూరం రావల్సొచ్చె."

చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత మెల్లగా, "నాకు కూర్చునుడు రాదే. కూర్చుంటె పని ఎగ్గొట్టినట్టు అనిపిస్తది. మా నాయిన సుత ఎన్నడు కూర్చోలే" అన్నారు.

నలభై ఏళ్ళలో ఆయన నాతో చెప్పిన మొట్టమొదటి సొంత మాట అది. కోపం పోయిందా అంటే అంతా పోలేదు. కానీ ఇన్నాళ్ళూ నా దగ్గర కూర్చోవడం ఇష్టం లేదనుకున్న మనిషికి, అసలు కూర్చోవడమే ఎవరూ నేర్పలేదని తెలిసింది. నా చేతులు మాత్రం ఊరుకున్నాయా? తడి తువ్వాలుని మడత మీద మడత పెడుతూనే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం సింహాచలం కొండెక్కాం. అక్కడి అప్పన్న ఏడాది పొడుగునా చందనపు పూతలోనే ఉంటాడు. అక్షయతృతీయ ఒక్కరోజే నిజరూపం చూపిస్తాడు. ఆ ఒక్కరోజు దర్శనానికే జనం ఎక్కడెక్కణ్ణించో వస్తారు. స్వామికి దణ్ణం పెడుతూ, "నువ్వే నయం తండ్రీ, ఏడాదికోసారి. మావారికి నలభై ఏళ్ళు పట్టింది" అనుకున్నాను.

అందుకే చెబుతున్నాను. పైసలు రానీ, పిల్లలు ఎదగనీ, నాట్లు కానీ అని ఆగకండి. ఎవరేమనుకుంటారోనని జంకుగా ఉంటే, దగ్గర్లో గుడి ఉన్న సముద్రాన్నే చూసుకోండి. మన తీరంలో అలాంటివాటికి కొదవా?

ఇంటికొచ్చాక ఏం మారిందంటారా? పెద్దగా ఏమీ లేదు. సాయంత్రం టీ గ్లాసులు రెండూ అరుగు మీదికి తెస్తున్నాను. పది నిమిషాలు కూర్చుంటాం. ఆరో నిమిషానికే ఆయన కాళ్ళు పొలం వైపు కదలడం మొదలెడతాయి. నేను చూసీ చూడనట్టు ఊరుకుంటాను. పాపం, నేర్చుకుంటున్నారు.