క్రిస్మస్‌కు మెదక్ పోదాం రండి

ఏమండోయ్, గోడ అవతలి వాళ్లూ! జర ఇటు రండి, ఒక ముచ్చట చెప్పాలి.

డిసెంబరు వచ్చేసింది. హాలియాలో ఇళ్ల ముందు కాగితం నక్షత్రాలు వెలుగుతున్నాయి. పొద్దుగూకితే క్యారల్స్ పాడే పిల్లలు గల్లీ గల్లీ తిరుగుతున్నారు. మీరేమో సెలవులకు ఎటు పోదామా అని ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు. మళ్లీ నాగార్జునసాగరేనా? డ్యామ్ ఎక్కడికీ పోదు లెండి. ఈసారి మెదక్ పోదాం.

మెదక్‌లో ఏముందంటారా? నా ముందు అన్నారు కాబట్టి సరిపోయింది. మెదక్ వాళ్ల ముందు మాత్రం అనకండి!

లోకంలో క్రిస్మస్ ఊళ్లకు కొదవ లేదు. అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలో, ఏకంగా శాంటాక్లాజ్ అనే ఊరే ఉంది. 1850ల్లో ఆ ఊరివాళ్లు పోస్టాఫీసు అడిగితే, మీరు పెట్టుకున్న శాంటా ఫే అనే పేరుతో ఇంకో ఊరుంది, మార్చుకోండి అన్నారట. మార్చుకున్నారు. ఇక చూడండి, పిల్లలు శాంటా తాతకు రాసే ఉత్తరాలు అక్కడికీ వస్తాయి! ఊరివాళ్లు కూర్చుని ఓపిగ్గా జవాబులు రాస్తారు. ముచ్చటైన ఊరే, కాదనను. అక్కడ ముందు పేరొచ్చింది, పేరు వెంట పండగొచ్చింది. మన మెదక్ కథ వేరు. ఇక్కడ కరువు కాలంలో పదిమందికీ కూడు పెట్టడానికి ఒక చర్చి లేచింది.

చార్లెస్ వాకర్ పాస్నెట్ అని ఒక దొర. సికింద్రాబాద్ దండులో సిపాయిలకు పాదిరిగా వచ్చినవాడు. దండులో కుదురుగా ఉండొచ్చు కదా? ఉండలేదు. పల్లెలకు పోవాలనుకుని మెదక్ చేరాడు. అప్పటికి అక్కడున్నది చిన్న ప్రార్థన మందిరం. దాని చోట పెద్దది కట్టాలని 1914లో పునాది వేశారు. రోజులెలాంటివో తెలుసుగా? అవతల మొదటి ప్రపంచయుద్ధం, ఇవతల కరువు, రోగాలు. గంజినీళ్లకు కరువైన జనం. ఊరికే పెడితే చేయి చాచినట్టుంటుంది, పని చూపిస్తే తలెత్తుకుని తింటారు. అలా రాయి మోసినవాళ్లకు, మట్టి ఎత్తినవాళ్లకు పూటకింత తిండి దొరికింది. పదేళ్లు పట్టింది. 1924 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాడు, తలుపులు తెరిచారు. ఇంతకంటే మంచి ముహూర్తం ఏ పంచాంగంలో దొరుకుతుంది చెప్పండి?

కట్టడం సంగతికొద్దాం. వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు. గంటల గోపురం 175 అడుగులు. ఊళ్లోకి రాకముందే కనిపించి రమ్మంటుంది. లోపల ఒకేసారి ఐదు వేల మంది కూర్చోవచ్చు. కింద పరిచిన రంగుల పలకలు ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చాయి. పరిచింది ఇటలీ మేస్త్రీలు. రాళ్లెత్తింది మన పల్లెజనం. ఎక్కడి చేతులు ఎక్కడ కలిశాయో చూశారా!

అసలు అందమంతా కిటికీల్లో ఉంది. నన్ను ఆపకండి, ఇది చెప్పే తీరాలి. మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు. ఒకదాంట్లో ఏసు పుట్టుక, ఒకదాంట్లో శిలువ, ఒకదాంట్లో ఆరోహణం. గీసినాయన ఫ్రాంక్ సాలిస్‌బరీ, ఇంగ్లండు రాజులకే బొమ్మలు గీసిన చిత్రకారుడు. మూడూ ఒక్కసారి రాలేదు. ఆరోహణం 1927లో, పుట్టుక 1947లో, శిలువ 1958లో. ముప్పై ఏళ్లకు పైగా ఆగి ఆగి తెచ్చుకున్నారు! పుట్టుక కిటికీ దగ్గర కాసేపు నిలబడండి. మధ్యలో మరియ తల్లి, పసిబిడ్డ, చుట్టూ చూడొచ్చినవాళ్లు. వెనక నుంచి ఎండ తగిలిందా, నీలాలు నీలాలుగా, ఎరుపులు ఎరుపులుగా బొమ్మంతా మేల్కొంటుంది. బయట నుంచి చూస్తే అదే అద్దం నల్లగా, ఏమీ ఎరగనట్టు ఉంటుంది. చీకటి పడితే లోపల కూడా అంతే. సాయంత్రం ఆరింటికి తీరిగ్గా పోయి, ఏమీ కనబడలేదని నా మీద పడితే మాత్రం ఊరుకోను.

ఇక పండగ నాడు చూడాలి ఆ ఊరిని! ముందు రోజు రాత్రికే ఊళ్ల నుంచి జనం దిగుతారు. చర్చి ఆవరణలోనే దుప్పట్లు పరుచుకుంటారు. తెల్లవారుజామున, మంచు ఇంకా విడవకముందే, మొదటి ఆరాధన. గంటలు మోగుతాయి, శిలువ పట్టుకుని గురువులు లోపలికి నడుస్తారు. తర్వాత దీవెనల వరుస. ఇది దగ్గర నుంచి చూడాల్సిందే. గురువు ఒక్కొక్కరి నెత్తిన చేయి పెట్టి ప్రార్థన చేస్తాడు. చంకలో పిల్లాణ్ని ఎత్తుకున్న తల్లి ముందు వాడి తల వంచుతుంది, తర్వాత తను వంచుతుంది. ఆ వరుసలో బొట్టు పెట్టుకున్న అమ్మలుంటారు, బురఖా వేసుకున్న అక్కలుంటారు. మీది ఏ మతమని అడిగేవాళ్లు లేరు. అడగాలని తోచదు కూడా.

అక్కడి జనానికి ఇది వింతేం కాదు. చర్చి చూసుకుని ఏడుపాయల వనదుర్గమ్మ దగ్గరికి పోతారు. దుర్గమ్మను మొక్కి చర్చికి వస్తారు. తీరిక ఉంటే పోచారం చెరువు గట్టు మీద సద్ది విప్పుతారు. 2024లో చర్చికి నూరేళ్లు నిండినప్పుడు ముఖ్యమంత్రి కూడా ఏడుపాయల అమ్మవారిని చూసుకునే చర్చికొచ్చారు. మెదక్ సీమ మర్యాద అది.

తిండి సంగతి చెప్పలేదని గింజుకుంటున్నారు కదూ? వస్తున్నా. మన తెలంగాణలో క్రిస్మస్ అంటే కేకొక్కటే అనుకుంటే పొరపాటు. కేకు పొద్దున్నే అయిపోతుంది. మధ్యాహ్నం బగారా అన్నం, మటన్ కూర. పక్కింటికి గిన్నె పోవాల్సిందే, గిన్నె ఖాళీగా తిరిగి రావొద్దు. చర్చి బయట జాతరే జాతర. బొమ్మలు, బూరలు, మిర్చి బజ్జీలు. పిల్లల్ని తీసుకుపోతే జేబు గట్టిగా పట్టుకోండి.

దారంటారా? హాలియాలో పొద్దున్నే బస్సెక్కితే హైదరాబాద్ ఎంజీబీఎస్. అక్కడ మెట్రో ఎక్కి జేబీఎస్‌లో దిగండి. మెదక్ బస్సు అక్కడే ఉంటుంది. ఇంకో వంద కిలోమీటర్లు. కిటికీ పక్క సీటు పట్టుకుంటే ఆ వందా తెలియకుండానే పోతాయి.

రద్దీ గిట్టనివాళ్లు పండగ అయ్యాక ఏ మామూలు రోజైనా పోండి. చర్చి కదలదు, కిటికీలు కదలవు. ఎండ ఉండగా పోండి, అంతే. పండగ సందడి కావాలంటే మాత్రం ఇరవై నాలుగున బయల్దేరాలి. దుప్పటి మరవకండి, మెదక్ చలి మన హాలియా చలి లాంటిది కాదు. మరి టికెట్లు ఎన్ని తీయమంటారు?